జాలు మూయొద్దన్న మనిషి

చెరువు నీళ్లు పంచే నీరుకట్టు మామ పోయాడని పొద్దున్నే కబురు వచ్చింది. కబురుతో పాటు, బావుల ఉసురు తగిలి పోయాడని ఒక మాట కూడా తగిలించారు. ఆ మాటకు జవాబుగానే ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. బడి పంతులు రాస్తున్నాడు. ఎక్కడా మెత్తబరచొద్దని ముందే చెప్పాను.

కొమరోలు పక్క నుంచి ఈ ఊరికి కాపురానికొచ్చిన ఏడు, చెరువు కట్ట అడుగున నీళ్లు సన్నగా జాలుగా ఊరిపోవడం చూసి ఆయన్ని కడిగేశాను.

"ఏంది మామా, కాపలా అంటే ఇట్లనా? నీళ్లు పోతాంటే బీడీ తాగుతా కూర్చున్నావే."

"పోయేది కాదు పిల్లా, మీ బావికి వచ్చేది. నమ్మకపోతే మోకుకు పేలిక కట్టి చూడు."

బావిలో నీళ్లు తగిలే చోట మోకుకు పేలిక కట్టించాడు. చెరువు తగ్గిన రోజున బావి తగ్గలేదు. నేనే గెలిచాననుకున్నాను. పదిహేను రోజులకు పేలిక నీళ్లకు జానెడు పైన వేలాడింది.

"చెరువు మాట బావికి పక్షం నాటికి వినపడతాది. మనిషి తప్పు చేసేది ఆ మధ్యలోనే" అన్నాడు.

తూము ఎత్తితే చిట్టచివరి మడి తడిసిందాకా కట్ట దిగేవాడు కాదు. పై మడి వాళ్లు మజ్జిగ ఇస్తే, పంపకం అయినాక తాగుతాననేవాడు.

రాష్ట్రం విడిపోయాక చెరువులకు మరమ్మతులు వచ్చాయి. జాలు మూస్తే రెండో పంటకు నీళ్లుంటాయని ఊరంతా కూర్చుని తీర్మానించింది. మామ ఒక్కడే లేచాడు.

"మూయొద్దయ్యా. కింది బావులు చస్తాయి."

"రెండో పంటకు నీకు పని పెరుగుతాదని నీ ఏడుపు" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఆయన నా వైపు చూశాడు. నాకు తెలుసు. కానీ చెరువు కింద మాకూ మడి ఉంది. ఊళ్లో ఎవరికీ లొంగని నా నోరు ఆ రోజు లేవలేదు.

రాళ్లు, బంకమట్టి వేసి మూశారు. చెరువు నిండుగా నిలిచింది. పక్షం దాకా అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కింది పేట బావులు ఒకటొకటే దిగిపోయాయి. వరి కోతలని ఆ వారమే మామ తూము దించి నీళ్లు ఆపి ఉన్నాడు. ఇంకేముంది, పంతానికి తూము దించి బావులెండబెట్టాడన్నారు. పని నుంచి తీసేశారు.

ఒకసారి ఇంటికి పోయి, "తప్పయింది మామా" అన్నాను.

"నాకెందుకు చెప్తావు? ఊరికి చెప్పు" అన్నాడు.

ఆయన బతికుండగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. బావులను చంపింది ఆయన కాదు, మేము. జాలు తెరవండి. తెరిచిన మర్నాడే నీళ్లు రాలేదని మళ్లీ మూయకండి. పక్షం ఓపిక పట్టండి.

ఆయనకు స్నానం చేయించడానికి పేటలో మూడు బావులు తిరిగితే అర కడవ దొరికింది, అందులో సగం బురద. చెరువుకు పోబోతే ఆయన భార్య అడ్డం నిలబడింది.

"ఆ నీళ్లు ఆయప్పకొద్దు."

ఉన్న నీళ్లే పోశారు. తుడిచేకొద్దీ చెవుల వెనుక మట్టి చారలు తేలాయి. అట్లనే మోసుకుపోయారు.