జేబులో బెల్లం ముక్క

పటాన్‌చెరు దగ్గర పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీలో మా ఆయన పనిచేసేవాడు. డ్యూటీ దిగేటప్పుడు గేటు దగ్గర తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్మంతా కొట్టుకుపోతుందని అక్కడ అందరి నమ్మకం. మా ఆయన మాత్రం తినేవాడు కాదు. చొక్కా జేబులో వేసుకొని ఏడేళ్ల మా పాప కోసం తెచ్చేవాడు. బండి చప్పుడు వినగానే అది పరుగెత్తి ఆయన జేబులో చెయ్యి పెట్టేది. రెండేళ్లు అది చూసి మురిసిపోయిన పిచ్చిదాన్ని నేను.

తర్వాత పాపకు మాటిమాటికీ కడుపునొప్పి. బాగా వచ్చిన ఎక్కాలే మరిచిపోసాగింది. చదువు మీద ధ్యాస లేదని టీచరు చెబితే కొట్టాను కూడా. ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది ఇప్పటికీ.

సంగారెడ్డిలో పిల్లల డాక్టరమ్మ మా ఆయన పని ఏమిటో అడిగి, పాపకు రక్తపరీక్ష రాసింది. రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తేలింది.

"మెదడుల సన్నటి రక్తనాళాలుంటయమ్మా. వాటి లోపలి గోడకు కణాలు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని ఉంటయి. రక్తంల ఉన్న చెడును మెదడులకు పోనియ్యవు. సీసం ఆ కణాలనే పాడుచేస్తది, పట్టు వదులైతది. పిల్లలకైతే ఇంకా జల్దీ" అని చెప్పింది డాక్టరమ్మ.

మాది సేద్యం చేసిన ఇల్లు. కంచె తెగితే చేనుకు ఏమవుతుందో నాకొకరు చెప్పనక్కరలేదు. "మా ఇల్లు ఫ్యాక్టరీకి దూరమే గదమ్మా, యాడికెల్లి వచ్చింది?" అన్నాను. ఆమె మా ఆయన వైపు చూసింది. ఆయన సీసం దుమ్ము పట్టిన డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. పాప చెయ్యి అలవాటుగా ఆయన జేబులో ఉంది.

"నా చేతులతోనే పెట్టిన గద" అంటూ మా ఆయన ఏడ్చేశాడు.

"నువ్వు పెట్టింది బెల్లం. సీసం పెట్టింది వాళ్లు. ఏడ్చింది సాలు, రేపు గేటుకాడికి నేనొస్త" అన్నాను.

మర్నాడు డ్యూటీ దిగే వేళకు వెళ్లి గేటు దగ్గర సూపర్‌వైజర్‌ బల్ల ముందు నిలబడ్డాను. "పనోళ్లు బట్టలు ఈడనే ఇడిచి, తానం చేసి ఇంటికి పోవాలె. దానికి ఒక గది గావాలె. అందరి పిల్లలకు రక్తం పరీక్ష చేయించాలె" అన్నాను.

అతను నవ్వాడు. "ఏం గాదమ్మా, గందుకేగా బెల్లమిస్తున్నం. గింత పరేషాన్ ఎందుకు?"

ఒళ్లు మండింది. పక్కకొచ్చి నిలబడ్డ మా ఆయన జేబులోంచి ఆనాటి ముక్క తీసి అతని ముందు పెట్టాను.

"నీకూ బిడ్డ ఉన్నదట గద సార్. తీస్కపోయి పెట్టు."

అతని చెయ్యి ముందుకు రాలేదు. నవ్వు కూడా ఆగిపోయింది. డ్యూటీ దిగి వస్తున్న పనివాళ్లంతా అది చూశారు. ఒకతను వచ్చి తన జేబులోంచి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. వెనకే ఇంకొకడు, ఆ వెనక మరొకడు. బల్ల నిండింది. పిల్లల కోసం తినకుండా దాచుకునే తండ్రి మా ఆయన ఒక్కడే అనుకున్నాను ఇన్నాళ్లూ.