చలి రాకముందు చూసిన ఊరు

పై అంతస్తు ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను డాలస్‌లో ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. "మమ్మీ ఈ మార్నింగ్ వెళ్ళిపోయింది. మీకు ఫస్ట్ చెప్పమంది," అంది. ఆ అమ్మాయి అమెరికాలోనే పుట్టింది. తెలుగు వెతుక్కుంటూ మాట్లాడుతుంది. నాకు ఆమాత్రం తెలుగు కూడా దొరకలేదు. మళ్ళీ మీటింగ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను, లేచాను, నీళ్ళు తాగాను, మళ్ళీ కూర్చున్నాను. ఆ సాయంత్రమే చికాగోకి టికెట్ బుక్ చేశాను.

ఆంటీది కాకినాడ. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇరవై రెండేళ్ళు స్కూల్ బస్ నడిపారు. ఐదడుగులకు ఒక అంగుళం తక్కువే ఉండేవారు. సీటు మీద దుప్పటి మడతపెట్టి వేసుకుంటేగాని ఆ పసుపు బస్సులోంచి తనకు రోడ్డు కనిపించేది కాదని చెప్పి నవ్వేవారు. అంకుల్ చాలా ముందే పోయారు. నేను ఎరిగేనాటికి ఆవిడ రిటైరయ్యారు, ఆదివారం తెలుగు చర్చి తప్ప వేరే వ్యాపకం లేదు. అయినా బస్సు అలవాట్లు మాత్రం వదల్లేదు. రైలు పట్టాలు వస్తే, నా కార్లో పక్క సీట్లో ఉన్నా సరే, అద్దం దించి చెవి బయటికి పెట్టేవారు. పిల్లలున్న బస్సు పట్టాల దగ్గర ఆగి, తలుపు తెరిచి, రైలు చప్పుడు లేదని విని తేల్చుకున్నాకే కదలాలి. "చూస్తే చాలదు బాబూ, వినాలి," అనేవారు.

మూడేళ్ళు ఒకే బిల్డింగ్‌లో ఉండి కూడా మెట్ల మీద "బాగున్నారా" అనుకోవడం దాటి మేము మాట్లాడుకోలేదు. నిరుడు జులై ఆఖరున నా ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాడికి అరవై రోజుల గడువు. ఈలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. నా భార్య, మూడేళ్ళ పాప వేసవికి వరంగల్ వెళ్ళి ఉన్నారు. "మేం రావాల్నా, ఆగాల్నా?" అని ఆమె రోజూ అడిగేది. రేపు చెప్తానని పెట్టేసేవాణ్ణి. ఇంట్లో కాలు నిలవక, ఫోన్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లో తిరుగుతుండేవాణ్ణి.

ఒకరోజు ఆంటీ బాల్కనీలోంచి పిలిచారు.

"బాబూ, పొద్దుట్నుంచి చూస్తున్నా, పధ్నాలుగు రౌండ్లయ్యాయి. ఆ తిరిగేదేదో నన్ను కార్లో ఎక్కించుకుని తిరగరాదా?"

"ఎక్కడికి ఆంటీ?"

"ఎక్కడికేంటి, ఊళ్ళోకే. చలి వచ్చేస్తే ఇంకేం చూస్తాం?"

కళ్ళు తిరుగుతున్నాయని డాక్టర్ ఆవిడ చేత డ్రైవింగ్ మాన్పించారు. నాకు తెలిసింది అంతవరకే.

అలా ఆగస్టు చివరి మూడు వారాలు రోజూ మధ్యాహ్నం బయల్దేరేవాళ్ళం. దగ్గర్లోని అడవిలో కంచె వెనక ఎల్క్ అనే పెద్ద దుప్పులు ఉంటాయి. "ఆ మగది కొమ్ములు చెట్టుకేసి రుద్దుతోంది చూడు, వేసవి అయిపోతోందని దానికి తెలిసిపోయింది," అని చూపించారు. మూసేయబోతున్న మునిసిపల్ స్విమ్మింగ్ పూల్ గట్టున సల్వార్ మోకాళ్ళదాకా మడిచి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని గంటసేపు కూర్చున్నారు. ఆ పూల్ కాపలా అమ్మాయి, ఫార్మసీలో మందులిచ్చే కుర్రాడు, ఎవరిని చూసినా ఆవిడ బస్సెక్కినవాళ్ళే. ప్రతివాడూ ఏ స్టాప్‌లో ఎక్కేవాడో, ఎన్నిసార్లు టిఫిన్ బాక్స్ మర్చిపోయాడో ఆవిడకు గుర్తు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకేదీ కనిపించలేదు. రెండు నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసుకునేవాణ్ణి.

"చూస్తే మోగదు బాబూ. మోగాలనుంటే అదే మోగుతుంది."

ఒకరోజు చెరువు గట్టున బెంచీ మీద నాకు ఓపిక నశించింది. పొద్దునే ఒక కంపెనీ నుంచి కుదరదని మెయిల్ వచ్చింది. "ఆంటీ, ఈ ఊళ్ళో ఉంటనో పోతనో నాకే తెల్వదు. ఇదంతా చూసి ఏం చెయ్యాలె?" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

ఆవిడ నొచ్చుకోలేదు.

"ఉంటామని తెలిస్తే ఎవరు చూస్తారు? ఇరవై రెండేళ్ళు ఈ రోడ్ల మీదే తిరిగాను. అద్దంలో పిల్లల్ని చూశాను, ముందు ట్రాఫిక్ చూశాను. ఊరుని చూళ్ళేదు."

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. తెరకేసి ఒకసారి చూసి, ఆఫ్ చేసి సంచిలో పడేశారు. "తర్వాత మాట్లాడొచ్చులే. ముందు ఈ పొత్తులు చల్లారిపోతాయి," అని, ఉడకబెట్టి తెచ్చిన మొక్కజొన్న పొత్తుకి నిమ్మకాయా కారమూ రాసి నా చేతికిచ్చారు. "మేం కంకులంటం ఆంటీ," అన్నాను. "ఏదో ఒకటి అనుకుని తిను," అన్నారు. ఆ నెలలో నేను రుచి తెలిసి తిన్నది అదొక్కటే.

గడువుకి ఐదు రోజుల ముందు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. సామాను ట్రక్కులో ఎక్కిస్తుంటే వాళ్ళమ్మాయి మెట్ల మీద ఆగి, ఆంటీకి కీమో మొదలైందని చెప్పింది. ఆ రోజు చెరువు దగ్గర ఫోన్ చేసింది హాస్పిటల్‌వాళ్ళట. బయాప్సీ రిజల్ట్ కోసం ఆవిడా నాలాగే ఆ మూడు వారాలూ ఎదురుచూస్తున్నారు. పరుగున పైకి వెళ్ళాను.

"నాకెందుకు చెప్పలేదు ఆంటీ?"

"చెప్తే నన్ను హాస్పిటల్స్ చుట్టూ తిప్పేవాడివి. ఊళ్ళో ఎవరు తిప్పుతారు?"

డాలస్ వెళ్ళాక ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేసేవారు. ఒంట్లో ఎలా ఉందో అడగనిచ్చేవారు కాదు. "ఈ వారం మీ ఊళ్ళో ఏం చూశావ్?" ఇదొక్కటే ప్రశ్న. నేనేమో కొత్త ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో శని ఆదివారాలు కూడా లాప్‌టాప్ ముందే. ఒకసారి లేక్‌కి వెళ్ళామని అబద్ధం చెప్పాను.

"నీళ్ళే రంగులో ఉన్నాయి?"

"నీలంగ ఉన్నయ్ ఆంటీ."

"చూడనివాళ్ళకి అన్ని నీళ్ళూ నీలమే," అని నవ్వారు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు.

ఈ ఆగస్టులో పాపను తీసుకొచ్చి దుప్పులను చూపిస్తానని మాటిచ్చాను. ఆఫీస్ పనిలో ఒకసారి వాయిదా వేశాను, మళ్ళీ వేశాను. రెండోసారి ఆవిడ "వీలు చూసుకుని రా బాబూ," అన్నారు. అదే చివరి మాట.

చర్చిలో సమాధి కూడిక ప్రార్థనలు అయ్యాక వాళ్ళమ్మాయి నా పక్కన కూర్చుంది. చివరి వారం కూడా ఆంటీ వీల్‌చెయిర్‌లో పూల్ దగ్గరికి తీసుకెళ్ళమని గొడవ చేశారట. "డాక్టర్ నో అన్నాడు. నేను తీసుకెళ్ళాను," అంది. ఆ పిల్ల మీద నాకు అసూయ కలిగింది. నా చేతికి దొరికిన ఆగస్టునే నేను సగం పారేసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫ్లైట్. పొద్దున్నే హోటల్ ఖాళీ చేసి, ఊళ్ళో అద్దె కార్ ఒకచోట ఆపి నడిచాను. దీపస్తంభాలకు వేలాడే పూలబుట్టలను మునిసిపాలిటీ మనిషి నిచ్చెన ఎక్కి దించుతున్నాడు. సీజన్ అయిపోయిందట, దించినవి దించినట్టు ట్రక్కులో పడేస్తున్నాడు. చూస్తూ నిలబడ్డాననేమో, ఒకటి తెచ్చి నా చేతికిచ్చాడు. "తీసుకెళ్ళు, ఇంకో రెండు వారాలు పూస్తుంది," అన్నాడు ఇంగ్లీషులో. ఫ్లైట్‌లో తీసుకెళ్ళలేనని చెప్పబోయి ఆగిపోయాను. ఊదారంగు పెటూనియాలు, వాటి మధ్య తిరుగుతూ ఒక తేనెటీగ. బుట్ట చాలా బరువుగా ఉంది. పొద్దున పోసిన నీళ్ళు దాని అడుగు నుంచి, చర్చికి వేసుకున్న నల్ల బూట్ల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎండలో, ఆ తేనెటీగ ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదికి వెళ్ళడం చూస్తూ నిలబడ్డాను.