చూపించని ఏడు గుడ్డలు

మా మనవరాలు నిరుడు ఒక ప్రపంచ సభకు పోయి వచ్చింది. భూమి వేడెక్కకుండా ఏం చేయాలో దేశాలన్నీ కూర్చుని బేరమాడుకునే సభ. అక్కడ బొగ్గు కంపెనీలవాళ్లు, చమురు కంపెనీలవాళ్లు మెడలో కార్డులు వేలాడేసుకొని దేశాల ప్రతినిధుల మధ్యే తిరుగుతుంటారట. ఇదీ, దీని స్నేహితులూ వాకిట్లో నిలబడి, లోపలికి పోయే ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగారట: "మిమ్మల్ని ఎవరు పంపించారు?"

"అసలు వాళ్లను లోపలికి ఎట్లా రానిస్తారు తాతా?" అంది.

నాకు తెలుసు. చెప్పలేదు. మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తి తప్పించుకున్నాను.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో మేముండింది నేతగాళ్ల వీధి. నేను ఆదోనిలో బి.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్నాను. దానికి దారి తెలిసినట్టు లేదు. రోజూ తెల్లవారుతూనే వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు నూలు, సాచి, దానికి గంజి పట్టించి, మొగుడూ పెళ్లాం చెరోపక్క నిలబడి కుంచెతో దువ్వేవాళ్లు. ఎండ ముదిరితే దారం పెళుసవుతుంది కాబట్టి ఎనిమిదిలోపల ఆ పని అయిపోవాలి.

వీధి చివర ఒక నూనె మిల్లు. ఆదోని స్టేషన్లో దిగిన బొగ్గు దానికి లారీల్లో వచ్చేది. బాయిలరు అంటించేది కూడా సరిగ్గా పడుగు సాచే వేళకే. తడి గంజి మీద పడిన మసి దులిపితే పోదు, దువ్వేకొద్దీ పాకుతుంది. తెల్ల పంచె కోసం నూలిచ్చిన షావుకారు చుక్కల పంచెను చూసి మురిసిపోడు.

పక్కింటి నేతగాణ్ణి నేను మామా అనేవాణ్ణి. ఆయన మిల్లు మూయమనలేదు. ఎనిమిదైనాక బాయిలరు అంటించమన్నాడు, అంతే. కలెక్టరాఫీసుకు అర్జీ నేను ఇంగ్లీషులో రాసిచ్చాను. కొన్నాళ్లకు విచారణకు రమ్మని కబురొచ్చింది. విచారణ ఆదోనిలో, మా వీధి నూనె మిల్లు యజమానిదే అయిన పత్తి జిన్నింగ్ మిల్లు అతిథి గదిలో. వచ్చే ఆఫీసరుకు అదే అనుకూలమన్నారు.

మామ భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె, అంతకుముందు ఏడు రోజులు పొద్దున్నే మిద్దె మీద తెల్లగుడ్డ ముక్క పరిచి, మసి పట్టినాక ఎనిమిదికి తీసింది. మొదటి రోజు గుడ్డ కొసకు ఒక ముడి, రెండో రోజుదానికి రెండు. అట్లా ఏడు. అన్నీ మడిచి సంచిలో పెట్టి ఇచ్చింది. "ఇవి సూపియ్యకుండా రావద్దండి" అంది.

బస్సులో మామ పని పంచాడు. "గుడ్డలు సూపిచ్చేది నేను. ఇంగ్లీషు మాట్లాడేది నువ్వు."

గదిలో ఆఫీసరు, మిల్లు మేనేజరు, ఊరి ప్రముఖులుగా నలుగురు. వాళ్లలో ఒకాయన మిల్లుకు బొగ్గు తెచ్చే కంట్రాక్టరు. ఒకాయనవి ఆ బొగ్గు మోసే లారీలు. ఒకాయన మిల్లుకు గోనెసంచులు అమ్ముతాడు. నాలుగో ఆయనెవరో తెలియదు గానీ, ఎవరి కాఫీలో చక్కెర ఎంతో వంటవాడికి ఆయనే చెబుతున్నాడు. మామకు తలుపు దగ్గర బెంచీ చూపించారు. నాకు ఆఫీసరు పక్కన కుర్చీ వేశారు. ఉగ్గాని, బజ్జీ పెట్టారు.

"మీ అర్జీ చదివినాను," అన్నాడు మేనేజరు. "ఇట్లాంటి ఇంగ్లీషు రాసేవాళ్లు మా ఆఫీసులో లేరు సార్."

అంతకుముందు నన్ను ఎవరూ సార్ అనలేదు. బజ్జీ కూడా బాగుంది.

మామ లేచాడు. చెయ్యి సంచిలో ఉంది. "అయ్యా, గుడ్డలు తర్వాత సూపిస్తాను. ముందర ఒక మాట. ఈడ కూసున్నోళ్లలో ఆ బొగ్గుతో బతికేటోళ్లు ఎవరెవరో సెప్పాల. ఊరి తరఫున వచ్చినామని రాపిస్తాండారు గదా."

కంట్రాక్టరు తన బజ్జీని పరీక్షగా చూసుకున్నాడు. ఆఫీసరు కలం కింద పెట్టి, ఒక్కొక్కరి ముఖం చూసి, కంట్రాక్టరు దగ్గర ఆగాడు.

"చెప్పండి," అన్నాడు.

కంట్రాక్టరు నోరు తెరిచాడు. ఆ మౌనం నేను భరించలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సందు దొరికిందని సంతోషపడ్డాను.

"అట్లయితే ఈ రూములో నువ్వూ ఫ్యానూ మిగుల్తారు మామా," అన్నాను. "ఆ ఫ్యాను కూడా మిల్లుదే."

అందరికంటే ముందు నవ్వింది కంట్రాక్టరు. ఆఫీసరు అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మేనేజరు నా వీపు తట్టాడు. ఆ లెక్కలో నన్ను నేనే మిల్లువైపు వేసుకున్నానని అక్కడ ఎవరూ గమనించలేదు, నాతో సహా.

నవ్వు ఆగేసరికి ప్రశ్న ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. "సరే, సరే, అందరూ మన ఊళ్లవాళ్లే" అని ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మామ కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత సంచిలోంచి ఉత్త చెయ్యి తీసుకుని కూర్చున్నాడు.

తీర్మానం రాసే గౌరవం నాకే దక్కింది. "మిల్లువారు వీలైనంతవరకు ఎనిమిది గంటల తర్వాత బాయిలరు అంటించుటకు ప్రయత్నించగలరు." 'వీలైనంతవరకు' అన్నది మేనేజరు అందించిన మాట. 'ప్రయత్నించగలరు' అన్నది నా సొంతం. వాక్యం నిండుగా ఉంటుందని వేశాను.

తిరుగు బస్సులో సగం దారి దాటినాక మామ సంచిని ఒళ్లోకి తీసుకున్నాడు.

"నువ్వు సెప్పింది నిజమే అల్లుడూ," అన్నాడు చివరికి. "అది వాళ్ల నోటితో సెప్పిద్దామనుకున్నా."

ఇంటికి పోగానే అత్త సంచి అందుకుంది. మడత చెదరలేదు.

"సూపియ్యలేదా?"

"యాడ. ఆఫీసరుకు టైము లేకపోయె."

"అల్లుడు మాట్లాడినాడా?"

"మాట్లాడినాడు," అన్నాడు మామ, నా వైపు చూడకుండా. "బాగా మాట్లాడినాడు."

మరుసటి పొద్దున బాయిలరు ఎప్పటి వేళకే అంటుకుంది. వీలు కాలేదేమో. అత్త మిద్దె మీద గుడ్డ పరచలేదు. ఆ ఏడు గుడ్డల ముడులూ విప్పి, గంజి చేతులు తుడుచుకోవడానికి అరుగు మీద పడేసింది. నేను గడపలో నిలబడి ఉంటే మామ చూశాడు.

"ఊరికే నిలబడకుండా ఆ పడుగు కొస పట్టుకో అల్లుడూ."

పోయి పట్టుకున్నాను. మసి పడుతూ ఉంది. నవ్వించడానికి ఒక్క మాటా తోచలేదు.