కరకట్ట మీద కొండ నేర్పిన మాస్టారు

మా అమ్మాయి బడిలో పనిచేసిన డ్రిల్లు మాస్టారు పోయారని మొన్న పొద్దున్న కబురొచ్చింది. చేలో నీళ్ళకి మడవ కడుతున్నవాణ్ణి, పార గట్టు మీదే పడేసి పరిగెత్తాను. ఐదో క్లాసుతో చదువాపినవాణ్ణి, ఆయన గురించి రాయడానికి చాలను. కానీ రాయకుండా ఉండలేనండీ.

లేక లేక పుట్టిన పిల్ల మాకు. మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఎనిమిదేళ్ళొచ్చినా నేను భుజం మీంచి దించలేదు. ఓరోజు బడి గుమ్మంలో మాస్టారు ఎగాదిగా చూశారు.

"ఏమండీ, మోస్తున్నది పిల్లనా, ధాన్యం బస్తానా?"

"కాలు బాలేదు మాస్టారూ..."

"కాలంటూ ఉంది కదా! దించండి. వేసవి సెలవులకి కొండెక్కిస్తాను."

దివిసీమలో కొండెక్కడిదండీ! మాకు ఎత్తంటే కృష్ణ కరకట్టే. ఆయన దాన్నే కొండ చేశారు. రోజూ బడి వదలగానే పిల్ల కట్ట ఎక్కడం, దిగడం. "నిటారుగా ఎక్కితే కాలు ఓడిపోతుందమ్మా, ఐమూలగా ఎక్కు" అనేవారు. రెండడుగుల వెనకాల, రెండు చేతులూ చాచి నడిచేవారు. ఒక్కనాడూ ముట్టుకోలేదు. పడితే "లేస్తావులే" అని నించునేవారు.

వేసవిలో బస్సూ రైలూ మారి, కొండపల్లి దగ్గర కొండ కింద ఆయన స్నేహితుడి పెంకుటింట్లో సెలవులకి దిగాం. మర్నాడు తెల్లారకుండానే మాస్టారూ పిల్లా బయల్దేరారు. "మీరొస్తే ఎత్తుకుంటారు" అని నన్ను రానివ్వలేదు. అరుగు మీద కూర్చున్నాను. ఉప్మా ముట్టకుండానే చల్లారిపోయింది. ఎండెక్కాక పైనుంచి గొంతు వినపడింది.

"నాన్నా! చీమంత ఉన్నావ్!"

ఇక ఆగలేదండీ. తిన్నగా పైకి పరిగెత్తాను. వరిగట్ల మీద తిరిగేవాడికి కనపడిన చోటికి తిన్నగా పోవడమే కదా తెలుసు! రాళ్ళు జారి బోర్లా పడ్డాను.

"ఐమూలగా రా నాన్నా!" అని నా కూతురే నాకు పాఠం చెప్పింది.

మోకాళ్ళు చెక్కుకుపోయి పైకి చేరాను. మాస్టారి కాళ్ళు పట్టుకోబోతే, "పిల్ల కాళ్ళు పట్టుకోండి, ఎక్కినవి అవి" అన్నారు. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా ఎరగను. ఇది రాస్తుంటే ఇప్పుడూ నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

మా ఊరి శ్మశానం కరకట్టకి అవతల. మొన్న మాస్టారిని మోసుకెళ్ళేటప్పుడు ఆడపిల్ల రాకూడదన్నారు. "కట్ట పైదాకా వస్తాను" అంది, పద్దెనిమిదేళ్ళ మా అమ్మాయి. పాడె మోసేవాళ్ళు నిటారుగా ఎక్కబోయి తడిమట్టిలో జారారు.

"ఐమూలగా బాబాయ్, ఐమూలగా!"

పాడె మెల్లిగా పక్కకి తిరిగి ఎక్కసాగింది. రెండడుగుల వెనకాల, రెండు చేతులూ చాచి, ముట్టుకోకుండా, మా అమ్మాయి కట్ట ఎక్కింది.