మొహం కిందికి పెట్టిన డిస్కు

పోయిన నెల ఒక మంగళవారం నా భార్య చనిపోయింది. ఆ రోజు ఉదయం ఎప్పటిలాగే వాకిలి ఊడ్చి ముగ్గు వేసింది. లోపలికి వచ్చి, ఎడమ చెయ్యి లాగుతోందని చెప్పి కూర్చుంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో, స్టవ్ మీద పాలున్నాయని గుర్తు చేసింది. మధ్యాహ్నానికి అయిపోయింది. సాయంత్రం ఆమెను ఇంటికి తెచ్చేసరికి మూకండపల్లిలో మా వీధి అంతా మా వాకిట్లో నిలబడి ఉంది. ఉదయం వేసిన ముగ్గు వాళ్ళ కాళ్ళ కింద చెరిగిపోయింది. ఏ ముగ్గు వేసిందో నేను చూసుకోలేదు.

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి డిస్కుల్లో ఎక్కించి ఇవ్వడం ఆమె పని. ముందుగదే ఆమె స్టూడియో. డిస్కు మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాయడం, స్టిక్కరు అంటించడం ఆమెకు నచ్చేది కాదు. లేజర్‌తో డిస్కు పైనే బొమ్మ గీసే డ్రైవ్ ఒకటి కొనుక్కుంది. దానికి డిస్కులు వేరే. వాటి పైముఖాన పలచని పూత ఉంటుంది. లేజర్ వేడి తగిలిన చోట ఆ పూత నల్లబడుతుంది. ముందు వీడియో ఎక్కించి, డిస్కు బయటికి తీసి, పైముఖం కిందికి వచ్చేలా తిరగేసి పెట్టాలి. లేజర్ ఉండేది కిందే కదా. అది మధ్య నుంచి అంచు దాకా చుట్టు మీద చుట్టు గీసుకుంటూ పోతుంది. రంగులుండవు, రాగి రంగు మీద బూడిద నలుపు మాత్రమే. నిండు బొమ్మకు అరగంట దాకా పడుతుంది.

ఆ అరగంటా ఆమె దాని పక్కనే కూర్చునేది. టేబుల్ కదిలితే గీత చెదురుతుందని ఆమె నమ్మకం. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేది. నా పక్కన అంతసేపు కదలకుండా ఎన్నడూ కూర్చోలేదు. ఒకసారి ఆమె లేనప్పుడు బొమ్మ గీయిద్దామని నేనే డిస్కును తిరగేయకుండా మామూలుగా పెట్టాను. డ్రైవ్ దాన్ని బయటికి తోసేసింది. వచ్చి చూసి నవ్వింది.

"మొగం దాపెట్టి పెడితేనే దానికి మొగం వచ్చేది. నీ మాదిరి ఎదురుగా వచ్చి నిలబడితే ఏమొస్తుంది?"

అందరూ వధూవరుల ఫొటోలు అడిగేవారు. మధ్యలో రంధ్రం ఉన్నచోట మనుషుల మొహాలు పెట్టడం ఆమెకు ఇష్టముండేది కాదు. పెళ్ళినాడు ఆ ఇంటి ముందు వేసిన ముగ్గును ఫొటో తీసి, గుండ్రంగా కత్తిరించి అదే గీసేది. ఏ ఇంటి డిస్కుకు ఆ ఇంటి ముగ్గు. దానికోసం తెల్లవారకముందే కృష్ణగిరి బస్సు ఎక్కిన రోజులున్నాయి.

కృష్ణగిరి నుంచి ఒక మామిడికాయల వ్యాపారి పరామర్శకు వచ్చాడు. వాళ్ళింటి పెళ్ళి డిస్కు దేవుడి పటాల పక్కనే ఉందట. "అది మా అవ్వ ఏసిన ముగ్గుప్పా. అవ్వ పోయినా ముగ్గు ఉండాది" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. నాకు కడుపు మండింది. ఆమె ఎవరెవరి అవ్వల ముగ్గులనో దాచిపెట్టింది. మా వాకిట ముగ్గు రోజూ వేసింది, రోజూ తొక్కుళ్ళలో పోయింది.

కర్మలు ముగిసేదాకా చావు ఇంట ముగ్గు వేయరు. ముగిశాక పక్కింటామె, వాకిలి బోడిగా ఉంది, నేను వేస్తానంది. వద్దన్నాను. ఆ జాగాలో ఇంకొకరి చెయ్యి పడడం నాకు ఇష్టం లేదు.

పోయిన వారం బాగలూరు నుంచి పూలతోట పెట్టుకున్న ఒక పెద్దామె వచ్చింది. కూతురి పెళ్ళి డిస్కు తెచ్చింది. కిటికీలో పెట్టుకున్నారట, ఎండకు బొమ్మ వెలిసిపోయింది. తెస్తే మళ్ళీ నల్లగా చేసిస్తానని నా భార్య ఆమెకు మాటిచ్చిందట. మీ ఇంటి ముగ్గు బాగుందమ్మా అన్నాను, మర్యాదకు.

"మాది యాడిదప్పా? పెళ్ళి పొద్దు వానొచ్చి మా వాకిలంతా బురద. ఆయమ్మ ఈడికొచ్చి మీ వాకిట్లో ఏసి ఫొటో తీసింది. ఇది మీ ముగ్గే. నీకు తెలీదా?"

తెలియదు. కానీ ఆ ఉదయం గుర్తుంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చేసరికి వాకిలి నిండా పెద్ద పద్మం. ఆమె స్టూలెక్కి కెమెరాతో నిలబడి ఉంది. "తొక్కొద్దు, సుట్టు తిరిగి రా" అంది. పండగా కాదు, ఏమీ కాదు. నాకోసమే వేసిందనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

డ్రైవ్ చెడిపోయిందని పెద్దామెకు చెప్పాలనిపించింది. కానీ పెట్టి వెళ్ళమన్నాను. అప్పటి నుంచి డిస్కు నా దగ్గరే ఉంది. పెద్దామె రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంకా కాలేదన్నాను. నాకంటూ ఇంకొకటి చేసుకుందామంటే పూత డిస్కులు ఇంట్లో లేవు, బజారులోనూ దొరకడం లేదు. ఫొటో మాత్రం నా భార్య కంప్యూటర్లో ఉంది. తెరిచి చూశాను. ఒక మూల నా బూట్లు కనిపిస్తున్నాయి. గుండ్రంగా కత్తిరించినప్పుడు అవి బయటికి పోయాయి.

డిస్కు మధ్యలో చుట్టూ సన్నని గుర్తులుంటాయి. డ్రైవ్ వాటిని చూసుకుని, రెండోసారి కూడా పాత గీతల మీదే సరిగ్గా గీస్తుంది. "చెరిపేదానికి కాదు, నల్లగ చేసేదానికి అవుతుంది" అనేది ఆమె. నేను చేయబోయేదీ ఆమె గీతల మీదే పడుతుంది. వేరే గీత గీయడానికి అందులో చోటు లేదు. అంత మాత్రం నాకు చాలు.

రేపు ఉదయం డిస్కును మొహం కిందికి పెట్టి, అయ్యేదాకా పక్కన కదలకుండా కూర్చుంటాను. తర్వాత గుడ్డలో చుట్టుకుని బాగలూరు బస్సు ఎక్కుతాను. ఎండ తగలని చోట పెట్టమని పెద్దామెకు చెబుతాను. ఎక్కడ పెడుతుందో చూసేదాకా ఆ ఇంట్లోంచి లేవను.