బస్తా అడుగున ఉన్న నక్షత్రాలు

మా బాపుది ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు అమ్మిపెట్టే మిర్చి అడ్తి దుకాణం. మీ బిడ్డ ఏం చేస్తది అని ఎవరైనా అడిగితే "ఏదో సైన్సు" అని మాట మార్చేసేవాడు. ఒక్కగానొక్క కూతురు దుకాణం ఎక్కకుండా చుక్కల వెంట పడిందని ఆయన దిగులు. ఆ "ఏదో" అనే మాట నాకు ముల్లులా గుచ్చుకునేది.

పీహెచ్‌డీ నాలుగో ఏడు, మిర్చి సీజన్లో, ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాను. సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాల మీద నా పని. జోరుగా వెలిగి, తొందరగా పేలిపోతాయి. వాటి దూకుడంటే నాకు ప్రాణం. అవి దాదాపు అన్నీ జంటలుగానే ఉంటాయని నా మొదటి పేపర్లో రాస్తే, లెక్క నమ్మేలా లేదని సైన్సు పత్రికవాళ్లు తిప్పి పంపారు. రెండు నెలల్లో సరైన జవాబు చెప్పకపోతే నాలుగేళ్ల కష్టం గంగలో కలిసినట్టే. వాళ్లమీద నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున బాపు దుకాణానికి తీసుకుపోయాడు. ఒక రైతు తెచ్చిన బస్తా విప్పారు. పైన కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. బాపు వాటివైపు చూడనైనా లేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి పిడికెడు లాగాడు. అందులో సగానికి సగం తెల్లబోయిన తాలుకాయలే. రైతు తల గోక్కున్నాడు. బాపు నావైపు తిరిగాడు.

"నువ్వేంది బిడ్డా, గట్ల మూతి ముడుసుకున్నవ్?"

జరిగిందంతా చెప్పాను. బాపు ఒక్కటే అడిగాడు.

"ఏ చుక్కలు ఏరినవ్?"

"మంచిగ మెరిసేటియే బాపూ. అవే సాఫ్‌గ కనవడ్తయి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మిర్చి దుకాణంల పుట్టి, బస్తా మీది కాయలు ఏరినవా!"

అప్పుడు తట్టింది నాకు. దూరం నుంచి చూస్తే జంట కూడా ఒకే చుక్కలా కనిపిస్తుంది. రెండింటి వెలుగూ కలిసి ఎక్కువ మెరుస్తుంది. మెరిసేవే ఏరితే జంటలే ఎక్కువ పడతాయి. మసకగా ఉన్న ఒంటరివన్నీ అడుగునే ఉండిపోయాయి. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా నవ్వొచ్చింది.

తిరిగి వెళ్లి మసక నక్షత్రాలనూ కొలిచాను. జంటలు తగ్గాయి, అయినా సగానికి పైనే నిలిచాయి. పేపర్ ఒప్పుకున్నారు. ఆ సంతోషం పట్టలేక వెంటనే ఫోన్ చేశాను.

"లెక్క తగ్గింది బాపూ."

"తగ్గితే ఫికర్ లేదు. ఇప్పుడు సరుకు అసలుది."

మళ్లీ సీజన్‌కు నేను దుకాణంలో కూర్చుని ఉండగా మిర్చి కొనడానికి వచ్చిన ఒక కొత్త ఖరీదుదారు అడిగాడు, "సేటూ, బిడ్డ ఏం చేస్తది?"

"ఏదో సైన్సు" వినడానికి సిద్ధపడ్డాను. బాపు బస్తాలోంచి చెయ్యి తీయకుండానే అన్నాడు.

"మా యాపారమే. సరుకు జర దూరం, గంతే."

నా కళ్లు నిండిపోయాయి. ఘాటుకేమోనని ఖరీదుదారు నీళ్ల సీసా అందించాడు.