తమ్ముని పప్పు గిన్నె, అవ్వ కోడె మొక్కు

మా తమ్మునికి ఆటిజం. ముప్పై ఏండ్లకు దగ్గర పడ్డడు గని తినేటియి మూడే: తెల్లన్నం, పెరుగు, గ్లూకోజు బిస్కెట్లు. అన్నం ఒక దిక్కు, పెరుగు ఒక దిక్కు. ఒకదానికొకటి తాకితే పళ్లెం నూకేస్తడు.

ఎండకాలంల కరీంనగర్ డాక్టర్ చూసి, రక్తం మస్తు తక్కువున్నదన్నడు. గోలీ మింగడు, టానిక్ ఉమ్మేస్తడు. పప్పు, ఆకుకూరలన్న కడుపుల పడకుంటె రక్తం ఎక్కియ్యాలన్నడు. సూదంటే మా వానికి పానం పోతది. ఒకపారి రక్తం తీయనీకె నలుగురు పట్టుకోవాల్సొచ్చింది. అందుకే ఖానాపూర్ నుంచి వాన్ని, మా ఇద్దర్ని కన్న అవ్వను నా ఇంటికే తెచ్చుకున్న.

రోజూ చిన్న గిన్నెల పప్పు పోసి వాని పళ్లానికి జర దూరంగ పెడుతుంటి. తినుమని ఒక్క మాట అనలే. మొదట్ల గిన్నెను చూసి లేచిపోయెటోడు. మెల్లగ కూసునుడు షురూ చేసిండు. తర్వాత వేలు ముంచి వాసన చూసిండు. వానలు పడ్డంక ఒకనాడు ఒక బుక్క తిన్నడు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది గని గోడ దిక్కే చూసుకుంట కూసున్న. మెచ్చుకున్నా బెదురుతడు వాడు.

అవ్వ ఆగుతదా? "రాజన్న నా మొర విన్నడు!" అని ఒర్లింది. కొడుకు పప్పు తింటే వేములవాడల వాని చేతనే కోడెదూడను రాజన్న గుడి చుట్టూ తిప్పిస్తనని ఎప్పుడో మొక్కిందట. మొక్కు ఆలస్యం చేస్తే ఇచ్చిన దేవుడే గుంజుకుంటడని ఆమె భయం.

"ఒక్క బుక్కే గదనే అవ్వా, గా మందిల వాడు తట్టుకోడు, జర ఆగు" అని మొత్తుకున్న. వింటేనా! చుట్టాలందరికీ ఫోన్లు కొట్టింది. దేవుడంటే లెక్కలేదని నన్నే తిట్టింది. నా కర్మ!

వేములవాడకు పోయింది సోమవారం నాడు. జనం, మైకులు. చేతికి కోడె తాడియ్యంగనే వాడు చెవులు మూసుకోని కూలవడ్డడు. అవ్వే తిప్పింది. గంతటితోనన్న ఊకున్నరా? సత్రంల అందరు వాని చుట్టూ కూసున్నరు. మా పెద్దమ్మ పప్పు తెచ్చి తెల్లన్నం మీద్నే పోసి, "తిని చూపెట్టు బిడ్డా!" అన్నది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. వాడు పళ్లెం ఇసిరికొట్టిండు.

ఆనాటి నుంచి పప్పు లేదు, అన్నం గూడ లేదు, వట్టి బిస్కెట్లే. నెలల కష్టం గంగల కలిసింది. చుట్టాలు మాత్రం ఫోన్ చేసి, "ఇగ అన్నీ తింటుండట గదా!" అనెటోళ్లు. నా తలకాయ తింటుండు అని ఫోన్ పెట్టేసేదాన్ని.

ఆఖరికి దవాఖానకు పోక తప్పలే. రక్తం ఎక్కియ్యనీకె వాన్ని మంచం మీద అదిమి పట్టుకున్నరు. అవ్వ వాని చెవుల, "తినకుంటె గిట్లనే సూదేస్తరు కొడుకా" అన్నది. నోరు మూయవే అని నేను అనేలోపే వాడు ఒర్లిండు.

"పప్పు తింట అక్కా! తింట! సూదొద్దు!"

గన్ని మాటలు ఒక్కపారి వాని నోట్ల నుంచి నేనెన్నడూ వినలే.

రక్తం ఎక్కించుకోని ఇంటికొచ్చినంక ఎవ్వరు చెప్పకముందే వంటింట్లకు పోయి పప్పు తెచ్చుకున్నడు. కండ్లు గట్టిగ మూసుకోని, వణుక్కుంట మింగుతుండు. కక్కుడొస్తుంటే మళ్ల లోపలికే మింగుతుండు.

"చూసినవా, తింటుండు!" అని అవ్వ చేతులెత్తి మొక్కింది.

నేను పోయి వాని ముందల నుంచి పప్పు గుంజుకున్న.